14వ సవరణ వెనకున్న చరిత్ర కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికాలో పుట్టిన పిల్లల పౌరసత్వం మీద ట్రంప్ 2025 జనవరి 20న ఇచ్చిన ఆర్డర్‌ని మన పేపర్లు ఎక్కువగా హెచ్1బీ వాళ్ళ సమస్యగానే రాస్తున్నాయి, తల్లి టెంపరరీ వీసా మీద ఉండి తండ్రికి సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో లేకపోతే బిడ్డకి పౌరసత్వం లేదన్నారు కాబట్టి మనవాళ్ళకి సూటిగా తగిలేదే, కాదనట్లేదు. కానీ అసలు అక్కడ పుట్టినవాళ్ళకి పౌరసత్వం ఇచ్చే ఆ అమెరికా రాజ్యాంగ 14వ సవరణ ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి కదండీ.

1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస స్వేచ్ఛ కోసం వేసిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు నల్లజాతి వాళ్ళు పౌరులే కాలేరని తేల్చేసింది, తర్వాత సివిల్ వార్‌లో లక్షల మంది చనిపోయాక 1868లో ఈ సవరణతో ఆ తీర్పుని తుడిచేశారు. ఇది బానిసల పిల్లల కోసమే, వలస వచ్చినవాళ్ళకి కాదు అని ఇప్పుడు కొందరు వాదిస్తున్నారు. నాకైతే అది చరిత్రని సగమే చదవడం అనిపిస్తుంది, ఎందుకంటే 1866లో సెనేట్‌లో చైనీయుల పిల్లల సంగతి కూడా చర్చకొచ్చింది, వాళ్ళూ పౌరులే అవుతారని కాలిఫోర్నియా సెనేటర్ జాన్ కానెస్ లేచి చెప్పాడు, అయినా పాస్ చేశారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకి పుట్టిన వంటమనిషి వాంగ్ కిమ్ ఆర్క్ చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే నువ్వు పౌరుడివి కాదు పొమ్మని ఒడ్డుకి దిగనివ్వకుండా నెలల తరబడి ఓడల్లోనే ఉంచారు, చివరికి 1898లో 6-2తో సుప్రీంకోర్టు అతని వైపే నిలబడింది. మన పిల్లల హక్కు ఆయన పోరాటం మీదే నిలబడి ఉంది, దయచేసి ఆదివారం సంచికలో ఒక పేజీ ఆయన గురించి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, విజయవాడ