28 రోజుల వీసా అప్పీలు గడువులో 17 కన్సల్టెన్సీ మెయిల్లోనే

సంపాదకుడికి,

‘వీసా రాలేదా? దిగులొద్దు, అప్పీలుంది’ అంటూ గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఓపిక పట్టాను. ఇక నావల్ల కాలేదు. సలహాలిచ్చిన పెద్దమనిషి ఒక కన్సల్టెన్సీ యజమాని. పక్క పేజీలోనే ఆయన ప్రకటన. ఇక నిష్పాక్షికతకు లోటేముంది!

అన్ని దేశాలనూ ఒకే గాటన కట్టి, ఎక్కడైనా అప్పీలు వేయిస్తామన్నారు. అమెరికాలో, చదువయ్యాక తిరిగి వెళ్తాడన్న నమ్మకం కలగలేదంటూ 214(బి) సెక్షన్ కింద విద్యార్థి వీసా నిరాకరిస్తే అప్పీలే లేదు, మళ్లీ 185 డాలర్లు కట్టి కొత్తగా దరఖాస్తు చేసుకోవాల్సిందే. ఆస్ట్రేలియా బయటినుంచి విద్యార్థి వీసా అడిగి కాదనిపించుకున్నవాళ్లకూ సాధారణంగా వీసా అప్పీళ్లు వినే అక్కడి ట్రిబ్యునల్ తలుపు తెరుచుకోదు. ఆ దేశంలో ఉండి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే ఆ దారి. మన దగ్గర కొత్త దరఖాస్తుకే అప్పీలని పేరు పెట్టి రెండోసారి ఫీజు గుంజుతున్నారు.

మా మేనల్లుడు మెల్‌బోర్న్‌లో చదువుకుంటూనే వీసా పొడిగింపుకు దరఖాస్తు పెట్టాడు. పెట్టించింది ఇక్కడి కన్సల్టెన్సీ. ఉత్తరప్రత్యుత్తరాలకు తమ ఈమెయిలే ఇచ్చారు. తిరస్కరణ ఉత్తరం ఆ మెయిలుకు వచ్చి 17 రోజులు పడి ఉంది. వాడు ఫోను చేసినప్పుడల్లా ‘ప్రాసెసింగ్‌లో ఉంది’ అన్నారు. అప్పీలుకు గడువు 28 రోజులు. ఒక్క రోజు దాటినా పొడిగించే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు.

నేను 34 ఏళ్లు తపాలా శాఖలో పనిచేశాను. అవతలివాళ్ల సంతకం లేనిదే రిజిస్టర్డు కవరు అందినట్టు రాసుకునేవాళ్లం కాదు. (ఆ రిజిస్టర్డు పోస్టునూ 2025లో స్పీడు పోస్టులో కలిపేశారు, అది వేరే బాధ.) ఆస్ట్రేలియా చట్టం ప్రకారం మాత్రం మెయిలు పంపిన రోజు ముగిసేసరికి అందినట్టే లెక్క. మీ తరఫున ఉత్తరాలు అందుకుంటాడని మీరు రాసిచ్చిన ప్రతినిధికి చేరితే మీకు చేరినట్టే. ఆయన తెరిచాడా, నిద్రపోయాడా అన్నది ఎవరికీ పట్టదు.

మిగిలిన 11 రోజుల్లో మెల్‌బోర్న్‌లోనే వీసా కేసులు చూసే, రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంటును పట్టుకున్నాం. ఆయన మొదట అడిగింది ఉత్తరం తేదీ. ‘గెలుస్తామని చెప్పలేను, గడువులోపల వేయగలను’ అన్నాడు. పాత ఫైలు తెప్పించి చూస్తే, అకౌంటింగ్ చదివే కుర్రవాడు ఆ చదువే ఎందుకో చెప్పుకునే వాంగ్మూలం మూడో పేరాలో ‘నర్సింగ్ వృత్తిపై నాకున్న మక్కువ’ అని ఉంది! ఎవరో అమ్మాయి కాగితం పేరు మార్చి అతికించారు. 2024 మార్చి నుంచి నిజమైన విద్యార్థేనా అని చూసే ప్రశ్నలే మారిపోయాయి, వీళ్ల దగ్గర మాత్రం పాత నమూనానే. ఈ నిర్వాకానికి ట్రిబ్యునల్ ఫీజు దాదాపు 3,500 ఆస్ట్రేలియా డాలర్లు. గెలిస్తే సగం తిరిగి వస్తుందట.

ఆస్ట్రేలియాలో వీసా సలహా ఇవ్వాలంటే లాయరైనా కావాలి, రిజిస్టరైన ఏజెంటైనా కావాలి. ఏజెంటుకు ఏడంకెల నంబరుంటుంది, ఎవరైనా ఇంటర్నెట్‌లో సరిచూసుకోవచ్చు. ఆ నంబరు చూపించమని ఇక్కడి కన్సల్టెన్సీకి వెళ్లి అడిగాను. జీఎస్‌టీ నంబరు చూపించారు. పోలీసు స్టేషనుకు వెళ్తే ‘సివిల్ తగాదా’ అని కుర్చీ కూడా చూపించలేదు. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లకు 1983 వలసల చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన దగ్గర చదువుకు పంపేవాళ్లకు బోర్డు కట్టుకుంటే చాలు. ఏ ప్రభుత్వానికీ ఇది కనపడదు, ఎన్నారైల సభల్లో శాలువాలు కప్పించుకోవడానికి మాత్రం తీరిక ఉంటుంది.

మేనల్లుడి కేసు ఇంకా తేలలేదు. కేసు తేలేదాకా అక్కడ ఉండనిచ్చే తాత్కాలిక ‘బ్రిడ్జింగ్ వీసా’ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. తమరిని అడిగేది ఒక్కటే. వచ్చే ఆదివారం అదే ప్రకటన మళ్లీ వేస్తే, ఆ ఏడంకెల నంబరు అడిగి చిన్న అక్షరాలతోనైనా అచ్చు వేయించగలరా?

– ఒక పాఠకుడు, విశ్రాంత తపాలా ఉద్యోగి