గంగానగర్ పంజాబీలు కూడా రాజస్థాన్ వాళ్లే సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పంజాబ్, రాజస్థాన్ కాలవ నీళ్ల గొడవ మీద వచ్చిన పెద్ద ఆర్టికల్ చదివాను. పక్కన ఇసుక దిబ్బల మీద ఒంటె ఫోటో వేశారు, కింద పంజాబీ రైతులు ఒకవైపు రాజస్థానీలు ఇంకోవైపు అన్నట్టు రాశారు. ఉద్యోగం పని మీద నేను శ్రీగంగానగర్ జిల్లా కరణ్‌పూర్‌లో ఐదేళ్లు ఉన్నా కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయా. అక్కడ నీళ్లకోసం ధర్నాలో కూర్చునే వాళ్లలో సగం మంది తలపాగా కట్టుకున్న సర్దార్జీలే సార్, మాట్లాడేది పంజాబీనే, మిగతావాళ్లు బాగ్డీ అనే రాజస్థానీ యాస మాట్లాడతారు గానీ పంజాబీ వాళ్లకీ వచ్చు. మా ఇంటి ఓనరు గారి కోడలిది అబోహర్, అంటే పంజాబ్. మామగారి కాలవకి నీళ్లు ఇవ్వొద్దని పుట్టింటివాళ్లు, ఇవ్వాల్సిందేనని అత్తింటివాళ్లు, ఫోన్లో రోజూ అదే రగడ, మళ్లీ పెళ్లిళ్లకి అందరూ కలిసే భోజనం.

ఇంతమంది పంజాబీలు అక్కడికి ఎలా వచ్చారనేది మీ ఆర్టికల్లో ఒక్క లైన్ కూడా లేదు, అసలు కథంతా అక్కడే ఉంది. ఆ నేల అప్పట్లో బికనీర్ సంస్థానంలో ఒక మూల. 1899-1900లో వచ్చిన కరువుని ఇప్పటికీ ఛప్పనియా అంటారు, విక్రమ సంవత్ 1956లో వచ్చింది కాబట్టి ఆ పేరు, ఛప్పన్ అంటే యాభై ఆరు. అప్పటికి మహారాజా గంగాసింగ్‌కి ఇరవై ఏళ్లు కూడా సరిగ్గా లేవు. ఆ తర్వాత ఆయన సట్లెజ్ నీళ్ల కోసం ఏళ్ల తరబడి బ్రిటిష్ వాళ్ల వెంట పడి 1920లో పంజాబ్, బహావల్‌పూర్, బికనీర్ మధ్య ఒప్పందం చేయించుకున్నాడు, ఫిరోజ్‌పూర్ దగ్గర హుస్సేనీవాలా నుంచి ఇప్పుడు గంగ కాలవ అంటున్న కాలవ తవ్వించి 1927లో వైస్రాయ్ ఇర్విన్ చేత నీళ్లు వదిలించాడు. నీళ్లు ఇసుకలోకి ఇంకిపోకుండా కాలవకి లైనింగ్ కూడా వేయించారు, ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. నీళ్లయితే వచ్చాయి గానీ కాలవ సాగు తెలిసిన రైతులు కావాలి కదా, అందుకని పంజాబ్ నుంచి సిక్కు రైతుల్ని పిలిచి భూములు అమ్మారు. 1947 తర్వాత అటు బహావల్‌పూర్ వైపు నుంచి ఇల్లు వాకిలి వదిలేసి వచ్చినవాళ్లు కూడా ఇక్కడే దిగారు. ఆ ఏడాది ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్, అంటే నది నీళ్లని కాలవల్లోకి మళ్లించే ఆనకట్ట, ఎటు పోతుందోనని బికనీర్ రాజు సాదుల్ సింగ్ మౌంట్‌బాటెన్‌కి మొరపెట్టుకున్నాడు, అది పాకిస్తాన్‌కి పోయుంటే ఈ జిల్లా ఇలా ఉండేదే కాదు.

ఊళ్ల పేర్లు చూడండి, రాయ్‌సింగ్‌నగర్, గజ్‌సింగ్‌పూర్, అనూప్‌గఢ్, సాదుల్‌షహర్, అన్నీ బికనీర్ రాజుల పేర్లే. చాలా పల్లెలకైతే అసలు పేర్లే ఉండవు, కాలవ కోడ్లే ఊరి పేర్లు, 3 ఈ ఛోటీ, 4 ఎంఎస్ఆర్, ఇలా. మొదట్లో అడ్రస్ రాయాలంటే నాకు నవ్వొచ్చేది. ఆ 4 ఎంఎస్ఆర్ దగ్గర హరప్పా నాటి ఊరు బయటపడింది, నాలుగు వేల ఏళ్లు దాటిన ఊరికి కూడా కాలవ డిపార్ట్‌మెంట్ నంబరే దిక్కయింది చూడండి.

భూమిని మురబ్బాల్లో చెప్తారు, ఇక్కడ మురబ్బా అంటే 25 బీఘాలు, దాదాపు 15.6 ఎకరాలు. నీళ్లు మాత్రం గంటల్లో. వారానికి 168 గంటలు, దాన్ని ఒక మోఘా, అంటే కాలవ నుంచి పొలాలకి నీళ్లు వదిలే తూము, కింద ఉన్న పొలాలకి విస్తీర్ణం బట్టి పంచుతారు, దాన్నే వారబందీ అంటారు, రైతు మాత్రం బారీ అంటాడు. మా ఓనరు సర్దార్జీ బారీ ఒక్కోసారి అర్ధరాత్రి రెండింటికి పడేది, డిసెంబర్లో అక్కడ చలి సున్నాకి దగ్గరగా ఉంటుంది, ఆయన దుప్పటి కప్పుకుని టార్చి, పార పట్టుకుని వెళ్లిపోయేవాడు, ఆ టైమ్ తప్పితే మళ్లీ వారం దాకా చుక్క రాదు. పైన కాలవలో నీళ్లు తగ్గాయనుకోండి, బారీ గంటలు అంతే ఉంటాయి గానీ నీళ్లు ఉండవు, మీ ఆర్టికల్లో రాసిన క్యూసెక్కుల గొడవ రైతు దగ్గరికి వచ్చేసరికి ఇలా కనపడుతుంది.

ఆ నీళ్లతోనే గోధుమ, ఆవాలు, శనగ, నర్మా అని పిలిచే అమెరికన్ పత్తి, కిన్నో అనే కమలా జాతి పండు తోటలు. గ్వార్ కూడా వేస్తారు, మన గోరుచిక్కుడే, కూరకి కాదు, గింజల నుంచి వచ్చే బంక ఆయిల్ బావుల డ్రిల్లింగ్‌కి వాడతారు కాబట్టి 2012లో దాని రేటు ఆకాశానికి వెళ్లి వచ్చింది. పత్తిని 2023లో గులాబీరంగు పురుగు తినేసింది.

వాటాల సంగతికొస్తే 1955లో రావి, బియాస్ నీళ్లలో 15.85 మిలియన్ ఎకర అడుగులకి రాజస్థాన్‌కి 8 రాశారు, దాని మీదే 1958లో పంజాబ్‌లో బియాస్, సట్లెజ్ కలిసే హరికే నుంచి ఇంకో పెద్ద కాలవ మొదలైంది, ఇప్పుడు ఇందిరాగాంధీ కాలవ అంటున్నది. గంగ కాలవ హక్కు దానికంటే పాతది, 1920ది. మీ ఆర్టికల్లో రెండింటినీ కలిపేశారు, దాంతో చదివినవాళ్లకి నిన్నమొన్న ఎవరో దానం చేసిన నీళ్లలా అనిపిస్తుంది. పంజాబ్ రైతు బాధ అబద్ధం అనట్లేదు, వాళ్ల బోర్లు ఎండిపోతున్నాయి, మా ఓనరు గారి కోడలి పుట్టింటివాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. అలాగే కాలవ వల్ల అంతా మేలే అని కూడా అనను, సూరత్‌గఢ్, హనుమాన్‌గఢ్ వైపు ఊట నీరు పైకొచ్చి పొలాలు చౌడు మడుగులైపోయాయి, దాన్ని సేమ్ అంటారు. ఇంకోటి, లూధియానా ఫ్యాక్టరీల నీళ్లు బుడ్డా నాలా మీదుగా సట్లెజ్‌లో కలిసి హరికే దాటి ఈ కాలవల్లోకి వస్తాయి, నల్లగా, వాసనతో. తాగేది కూడా అదే కాలవ నీరు సార్. వాటా గురించి పేజీలు రాసేవాళ్లు ఈ రంగు గురించి ఎందుకు రాయరో నాకు తెలీదు.

వేసవి ముందు రిపేర్లకని కాలవ కట్టేస్తారు, నహర్‌బందీ అంటారు, అప్పుడు జనం డిగ్గీల్లో, అంటే నీళ్లు నిలవ చేసుకునే చెరువుల్లో, ఉన్న నీళ్లతో నెట్టుకొస్తారు. ఆ టైమ్‌కి మీ రిపోర్టర్ని ఒకర్ని హరికే నుంచి అనూప్‌గఢ్ దాకా కాలవ వెంట పంపించి రాయించండి. ఫోటో మాత్రం ఈసారి ఒంటెది వద్దు, మోఘా ముందు పార పట్టుకుని నిలబడ్డ సర్దార్జీది వేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు