షిప్పుల మెడిక్ కొలువని పైసలు కట్టకుండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ జిల్లా ఎడిషన్ల ఈ మధ్య "షిప్పుల మీద మెడిక్ ఉద్యోగాలు, నర్సింగ్ చేసినోళ్లకు డాలర్లల్ల జీతం, ఫ్రెషర్స్ కూడా రావొచ్చు" అని చిన్న చిన్న ప్రకటనలు మస్తు వస్తున్నయి. నేను క్రూయిజ్ షిప్పుల నర్సుగ చేస్త, సెలవుల మీద హన్మకొండకు వచ్చిన, ఇగ మా గల్లీ పోరగాండ్లంత పేపర్ ముక్క పట్టుకొని నా దగ్గరికే వస్తున్రు.

అసలు సంగతేందంటే సరుకు మోసే షిప్పులల్ల మెడిక్ అనే పోస్టు మామూలుగ ఉండనే ఉండదు. ఇరవై ఇరవై అయిదు మంది ఉండే షిప్పుల డాక్టరూ ఉండడు నర్సూ ఉండడు, ఎక్కువగ సెకండ్ ఆఫీసరే మెడికల్ కోర్సు చేసి మందుల పని చూసుకుంటడు, ఇంజన్ రూముల ఎవరికన్న చెయ్యి కాలినా వేలు నలిగినా ఆయనే కట్టు కడ్తడు, సమజ్ కాకపోతే శాటిలైట్ ఫోన్ల ఒడ్డు మీదున్న డాక్టర్‌ని అడుగుతడు. రోమ్‌ల సీఐఆర్ఎం అని ఒక సంస్థ 1935 నుంచి ఇదే పని చేస్తున్నది, ఏ దేశపు షిప్పయినా సరే ఫ్రీగా చెప్తరు. 100 మందికి తక్కువ కాకుంట ఉండి, మూడు రోజులు దాటే విదేశీ ప్రయాణం చేసే షిప్పుకే డాక్టర్ తప్పనిసరని షిప్పుల పనోళ్ల కోసం దేశాలు చేసుకున్న ఒప్పందం, 2006 మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ల ఉన్నది.

అంటే మాసొంటోళ్లకు పని దొరికేది ప్యాసింజర్ షిప్పులల్ల, సముద్రంల ఆయిల్ రిగ్గుల మీద. అక్కడ ముందుగాల అడిగేది ఐసీయూ, ఎమర్జెన్సీ అనుభవం. నడి సముద్రంల గుండెపోటొస్తే 108ల ఏసి వరంగల్ ఎంజీఎం దవాఖానకు పంపుడుండదు కదా, హెలికాప్టర్ కూడా అంత దూరం రాదు, ఉన్న మందులతోని ఉన్న మనుషులే చూసుకోవాలె. ఫ్రెషర్‌ని ఎవడు తీసుకుంటడు చెప్పుండ్రి?

పైసల ముచ్చట ఇంకోటి. షిప్పులకు మనుషుల్ని పంపాలంటే ఏజెంటుకు డీజీ షిప్పింగ్ (షిప్పుల పని చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సుండాలె, కొలువు ఇప్పిస్త అని మన దగ్గర ఫీజు తీసుకునుడు చట్టానికే విరుద్ధం. పాస్‌పోర్టు, సీడీసీ (షిప్పుల పని చేసేటోళ్ల గుర్తింపు బుక్కు), మెడికల్ ఫిట్‌నెస్, ఎస్‌టీసీడబ్ల్యూ అనే షిప్పు ట్రైనింగ్ కోర్సులు, వీటి ఖర్చు మనం పెట్టుకునుడు వేరు, "సీటుకు" అని లక్షలు కట్టుడు వేరు. గల్ఫ్ ఏజెంట్ల చేతుల జగిత్యాల, కరీంనగర్ దిక్కు ఎన్ని ఇండ్లు ఆగమైనయో మీ పేపర్లనే సదివినం, ఇప్పుడు అదే దందా షిప్పు పేరు మీద నడుస్తున్నది.

ఈ ప్రకటనలు తీసుకునేటప్పుడు మీ యాడ్స్ సెక్షనోళ్లు ఆర్‌పీఎస్ఎల్ నంబర్ అడిగి, ప్రకటనల అచ్చేస్తే బాగుంటది. డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్ల నంబర్ కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు.

ఇట్లు,
ఒక షిప్ నర్సు, హన్మకొండ