కొత్త పెళ్లికూతురికే ఫోలిక్ యాసిడ్ అందాలి

సంపాదకుల వారికి,

మా గాజువాకలో చాలామంది ఆడపిల్లలు నెల తప్పిన రెండు నెలలకు గానీ డాక్టరు దగ్గరికి వెళ్లరు. ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ బిళ్ల అప్పుడే చేతికొస్తుంది. చాలా ఆలస్యమది! పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే నాళం ఫలదీకరణ తర్వాత 28 రోజులకల్లా మూసుకుపోతుంది. మొదట రేకులా ఉండే దాని రెండంచులూ పైకి లేచి మెడ భాగంలో కలుస్తాయి. అక్కడి నుంచి తలవైపూ నడుంవైపూ అతుక్కుంటూ పోతాయి. అప్పటికి పిండం నాలుగైదు మిల్లీమీటర్లే, గుండె మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది. కింద అతుకు పడకపోతే బిడ్డ వెన్ను చీలికతో పుట్టవచ్చు. చాలామంది తల్లులకు కడుపుతో ఉన్నామని తెలియకముందే జరిగిపోయే పని ఇది. గర్భానికి కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకుంటే ఈ ముప్పు బాగా తగ్గుతుంది. ఆశా కార్యకర్తలు కొత్తగా పెళ్లయిన ఇళ్లకు వెళ్లి ఈ బిళ్లలిచ్చేలా జిల్లా అధికారులు చూడాలి.

– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం