అవార్డు కావాలంటే ముందు మూడు సెట్లు జిరాక్స్ తీయించాలట

సంపాదకులు గారికి నమస్కారం.

తిరుపతిలో ఒక ఆసుపత్రి వీధిలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. పదహారేళ్లుగా అదే కుర్చీలో కూర్చుని జనం తెచ్చే కాయితాలు చూస్తున్నాను. ఈ ఊళ్లో ఎవరికి ఏ రోగమొచ్చిందో డాక్టరు కంటే ముందు నీకే తెలుస్తుందని మా ఆవిడ ఎగతాళి చేస్తుంటుంది. అది అటుంచితే, యువతకు సేవా పురస్కారాలని ఏటా రిపబ్లిక్ డేకి, ఆగస్టు 15కి ఇచ్చేవాటి గురించి మీకు ఒక మాట రాయాలని చాలా రోజులుగా అనుకుంటూనే ఉన్నాను.

మొన్న జనవరి మొదటివారంలో ఒక కుర్రాడు వచ్చాడు. బైపాస్ రోడ్డులో బైకుల షెడ్డులో మెకానిక్కు, ఇరవై మూడేళ్లుంటాయి. స్నేహితులెవరో బలవంతపెట్టి చేతిలో పెట్టిన అప్లికేషన్ తీసుకొచ్చాడు. మూడు సెట్లు కావాలి, గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి, చేసిన సేవ గురించి 500 మాటలకు మించకుండా రాయాలి, పోస్టుకార్డు సైజు ఫోటోలు అతికించాలి, ఆఖర్న పేపరు కటింగులు జతచేయాలి. "అన్నా, ఈడ ఏం రాయాల?" అని నన్నే అడిగాడు. నువ్వేం చేశావురా అంటే పర్సులోంచి రక్తదానం కార్డు తీశాడు. మడతల దగ్గర చిరిగి, సెల్లోటేపు అంటించి ఉంది, మూలన గ్రీజు వేలిముద్ర. తేదీలు లెక్కపెడితే 14. మగవాళ్లు మూడు నెలలకోసారి కంటే ఎక్కువ ఇవ్వకూడదు కదా, అంటే నాలుగేళ్లుగా వీడు దాదాపు ఒక్క తడవ కూడా తప్పలేదన్నమాట. ఫోటోలున్నాయా అని అడిగితే నవ్వాడు. "సూది గుచ్చుకుని పండుకోనుంటే ఫోటో ఎవరు తీసుకుంటారన్నా." కటింగులు అసలే లేవు. కాసేపు ఆ ఫారం అటూ ఇటూ తిప్పి, "వద్దులేన్నా, షెడ్డుకి టైమయింది" అని దాన్ని నా కౌంటరు మీదే వదిలేసి పోయాడు.

అదే వారంలో ఇంకొకాయన వచ్చాడు. స్పైరల్ బైండింగు, అంతా కలరు, అరవై పేజీల పైమాటే. అందులో సగం ఫోటోల్లో ఒక్క అరటిపండు చుట్టూ పదిమంది నిలబడి కెమెరా వైపు చూస్తుంటారు, పండు అందుకుంటున్న పేషెంటు మాత్రం ఎటో చూస్తుంటాడు. నాకు ఆ రోజు మంచి బేరం, కాదనను. పండ్లు పంచడం తప్పని కూడా అనను. జనవరి 26 దాటాక ఆయన ప్రశంసాపత్రం లామినేషన్‌కి తెచ్చినప్పుడు మాత్రం కౌంటరు కింద పెట్టిన ఆ ఖాళీ ఫారం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

సాహస బాలలకు జాతీయ అవార్డు మన దేశంలో ఎలా మొదలైందో చూడండి. 1957 అక్టోబరు 2న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నెహ్రూ కూర్చున్న షామియానాకు నిప్పంటుకుంది. 14 ఏళ్ల స్కౌటు పిల్లవాడు హరీశ్ చంద్ర మెహ్రా తన కత్తితో గుడ్డ కోసి జనం బయటపడే దారి చేశాడు. నెహ్రూ కళ్లారా చూశారు, ఇలాంటి పిల్లలకు గుర్తింపు ఉండాలన్నారు, 1958 ఫిబ్రవరిలో ఆ పిల్లవాడికి, ఇంకొకరికి మొదటి అవార్డులిచ్చారు. ఆ పిల్లవాడు అప్లికేషన్ పెట్టలేదు. చూసినవాళ్లే మాట్లాడారు. మనం దాన్ని తిరగేసి, చేసినవాడే వచ్చి నేను గొప్పవాణ్ణని మూడు సెట్లలో రాసివ్వాలంటున్నాం. సిగ్గున్న పిల్లలు ఆ గీత దగ్గరే ఆగిపోతారు, ఇక మిగిలేది ఎవరో మీకూ తెలుసు.

ఢిల్లీ అవార్డుల్లో ఇప్పటికీ ఆ తలుపు తెరిచే ఉంది. 5 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలకిచ్చే ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారానికి ఎవరైనా ఆన్‌లైన్లో పేరు పంపొచ్చు. టీచరు పంపొచ్చు, పక్కింటాయన పంపొచ్చు, పద్మ అవార్డులకైనా అంతే. పంపేవాళ్లేరీ అన్నదే బాధ. నా షాపులోనే నెట్ ఉంది, ఇన్నేళ్లలో వేరేవాళ్ల కోసం ఒక పేరు పంపాలని వచ్చినవాళ్లు ఒక్కరు లేరు. ఆ మాటకొస్తే నేనూ పంపలేదు.

ఇక మీ పేపరు సంగతి. కోపం తెచ్చుకోకండి. ఆ ఫారంలో కటింగులు అడిగారంటే మీ జిల్లా పేజీయే ఇప్పుడు సేవకు సర్టిఫికెట్ అయిందని అర్థం. మరి ఆ పేజీలోకి ఎవరొస్తున్నారు? ఫోటో, రెడీమేడ్ వార్త వాట్సాప్‌లో పంపగలిగినవాళ్లే. వానలు పడి డెంగీ మొదలయ్యాక రాత్రి పదకొండుకు ఎస్డీపీ, అంటే ఒకే మనిషి రక్తంలోంచి మిషన్‌తో తీసే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) కావాలని ఫోన్ వస్తే వచ్చి గంటా గంటన్నర మిషన్ పక్కన పడుకునే కుర్రాడి దగ్గర అంత ఓపిక ఎక్కడుంటుంది? ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలవుంటాయి సార్. అందుకే ఎర్రరక్తంలా నెలకు సరిపడా బ్యాగులు నింపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కుదరదు, మనుషులే నిల్వ ఉండాలి. ఆ మనుషులు మన కొర్లగుంటలో, జీవకోనలో, మంగళంలో ఉన్నారు. వాళ్ల నంబర్లు ఎవరి దగ్గరున్నాయంటే వార్డు బయట కూర్చున్న అటెండరు ఫోన్లో ఉన్నాయి.

2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు, అటు రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు, మా వీధిలో కరెంటు స్తంభానికీ స్తంభానికీ తాడు కట్టి, ఎనభై దాటిన ఒక అవ్వను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పిల్లలు నడుంలోతు నీళ్లలో మోసుకొచ్చారు. అవ్వ దారి పొడుగునా తిడుతూనే ఉంది, కోడిపెట్టను ఇంట్లో వదిలేశారని. వాళ్లలో ఒకడు మళ్లీ పోయి పెట్టను కూడా తెచ్చాడు. ఆ నలుగురిలో ఇద్దరు అప్పటికే ఇంటర్ ఫెయిలై ఖాళీగా తిరుగుతున్నారని వీధిలో అందరితో మాటలు పడ్డవాళ్లే. నేను కూడా అన్నాను, ఇప్పుడు దాచేదేముంది.

శాలువాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, ఒక్కో ఇంట్లో బీరువా నిండా ఉంటాయి. పనికొచ్చే గుర్తింపు వేరే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీ రోజున రక్తం ఇస్తే ఆ రోజుకి స్పెషల్ క్యాజువల్ లీవ్ ఉంది, ఏడాదికి 4 సార్ల దాకా. అదే మా వీధిలో ఒక ఇంజినీరింగ్ పిల్ల ప్లేట్‌లెట్లు ఇచ్చి మర్నాడు కళ్లు తిరిగి కాలేజీకి పోలేకపోతే, రెండు రోజులూ ఆబ్సెంటు వేశారు. 75 శాతం హాజరుకు ఆ రెండు రోజులే తక్కువై, ఫైను కట్టాక గానీ పరీక్షకు కూర్చోనివ్వలేదు. ఆ పిల్లకు మెమెంటో ఇస్తే ఏం చేసుకుంటుంది? ఆ రెండు రోజుల హాజరు ఇస్తే చాలు. ఎన్ఎస్ఎస్‌లో చేరిన పిల్లలకైతే రెండేళ్లలో 240 గంటలు, ఒక ఏడు రోజుల క్యాంపు అని లెక్కుంటుంది, చివర సర్టిఫికెట్ వస్తుంది. చదువు ఆపేసి షెడ్డులో, హోటల్లో, డెలివరీ బండి మీద ఉన్నవాడి గంటలు ఏ రిజిస్టర్లో రాస్తారు?

నేను అడిగేది చిన్నదే. మీ జిల్లా పేజీలో వారానికి ఒక్కసారి, అగ్గిపెట్టంత చోటైనా సరే, సాయం పొందినవాళ్లు రాసిన నాలుగు లైన్లు వేయండి. చేసినవాళ్లు పంపినవి వద్దు. ఫలానా రోజు రాత్రి మా నాన్నకు రక్తం ఇచ్చిన అబ్బాయి అని రాస్తే చాలు, పేరు ఆ అబ్బాయి ఒప్పుకుంటేనే వేయండి. ఎంపిక చేసే ఆఫీసర్లు ఆ తర్వాత కటింగులు అడిగినా నాకు అభ్యంతరం లేదు.

ఆ కుర్రాడు వదిలేసిన ఫారం ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న రాత్రి నేనే నింపడం మొదలుపెట్టాను, 500 మాటలు రాయాలన్న చోట ఆ కార్డులోని 14 తేదీలు వరసగా ఎక్కించాను. పేపరు కటింగుల గడి ఖాళీగా ఉంది. మీ విలేకరి ఎవరైనా ఇటువైపు వస్తే షాపు ఉదయం తొమ్మిది నుంచి తెరిచే ఉంటుంది, ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాకే.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
తిరుపతి