బరువుతో పాటు దూరాన్నీ లెక్కలోకి తీసుకోండి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

చేతులతో ఎత్తే బరువుకు ఒక్క అంకె పెట్టి వదిలేస్తే కార్మికుల నడుములు నిలవవు. స్థూలకాయం ఉన్నవారికైతే ఆ ముప్పు మరీ ఎక్కువ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చెప్పిన 55 కిలోలు కూడా అలాంటి అంకే.

బరువు ఒంటికి ఎంత దూరంలో ఉందన్నదే అసలు సంగతి. వీపు కండరాలు వెన్నుకు సుమారు 5 సెంటీమీటర్ల వెనక నుంచి లాగుతాయి. 20 కిలోల పెట్టె 50 సెంటీమీటర్ల ముందుంటే, అవి 200 కిలోలకు సరిపడా బలం పెట్టాలి. ఆ ఒత్తిడి నడుము కింది డిస్కుల (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల) మీద పడుతుంది. వంగినప్పుడు పైశరీరం బరువూ దానికి తోడవుతుంది, చేతిలో ఏమీ లేకపోయినా సరే.

వృత్తి భద్రత, ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ 1991లో సవరించిన బరువులెత్తే సూత్రంతో లెక్క వేద్దాం. అన్నీ అనుకూలిస్తే పరిమితి 23 కిలోలు. చీలమండల నుంచి చేతులదాకా అడ్డంగా కొలిచిన దూరం 25 సెంటీమీటర్లు దాటితే అది తగ్గుతూ పోతుంది. ముందు నుంచి వెనక్కి 40 సెంటీమీటర్ల లోతున్న పెట్టెను నడుము ఎత్తున పట్టుకుంటే 14.4 కిలోలు. పొట్ట అడ్డొచ్చి పెట్టె ఇంకో 10 సెంటీమీటర్లు ముందుకు జరిగితే 11.5. అదే పెట్టె నేలమీద ఉంటే దాదాపు 8. అదీ ఒళ్లు తిప్పకుండా, పట్టు బాగుండి, ఎప్పుడో ఒకసారి ఎత్తితేనే.

"మోకాళ్లు వంచి ఎత్తండి" అన్న పోస్టరు స్థూలకాయం ఉన్నవారికి పనిచేయదు. కూర్చోబోతే పొట్ట తొడలకు తగులుతుంది, పెట్టె మోకాళ్ల మధ్యకు రాదు, లేచేటప్పుడు సొంత బరువంతా మోకాళ్లే మోయాలి. అందుకే మనిషి నడుము వంచేస్తాడు. దాన్ని నిర్లక్ష్యమని రాసే ప్రమాద నివేదికలు తప్పు. నడుం బెల్టులతో గాయాలు తగ్గుతాయనడానికీ గట్టి ఆధారం లేదు.

నిబంధనల్లో దూరాన్ని, ఎత్తును చేర్చండి. నేలమీంచి ఎత్తే పనిని వీలైనంత తీసేయించండి: సరుకు 75 సెంటీమీటర్ల ఎత్తున అందేలా లిఫ్ట్ టేబుళ్లు, పేర్చిన ప్యాలెట్లు (సరుకు కింద వేసే చెక్క పలకలు) చాలాచోట్ల సరిపోతాయి. పెద్ద పెట్టెల కంటే లోతు తక్కువ ఉన్నవి, పిడులున్నవి వాడించండి. ప్రతి పెట్టె మీద బరువు రాయించండి. ఇద్దరు కలిసి ఎత్తినా విడివిడి బలాల మొత్తంలో మూడింట రెండు వంతులే లెక్కగట్టమనండి.

బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) చూసి మనుషుల్ని పనిలోంచి తీసేసే దారి మాత్రం యాజమాన్యాలకు ఇవ్వకండి. ఆ పెట్టెను రేపు ఎత్తబోయే సన్నటి మనిషికీ అది నేలమీదే ఉంటుంది.

ఇట్లు,
వృత్తి ఆరోగ్య వైద్యులు, ఫిజియోథెరపిస్టులు