ఇంట్లో పాత కార్ల పునరుద్ధరణ: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది పొడవునా సంఘంలో జరిగిన పనుల వివరాలు సర్వసభ్య సమావేశం ముందు పెట్టడం కార్యదర్శిగా నా బాధ్యత. మామూలుగా ఈ నివేదిక ఆ ఏడాది రోడ్డెక్కిన బండ్ల జాబితాతో మొదలవుతుంది. ఈసారి కార్యవర్గం ఆ జాబితాను నోటీసు బోర్డుకే వదిలేసింది. మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన బండ్ల సంగతి ముందు చూద్దామని మొదటి సమావేశంలోనే అనుకున్నాం. ఏడాదంతా మన పని దాని చుట్టూనే తిరిగింది.

ఆగిన బండ్లు

కార్యవర్గ సభ్యులు ఆగిపోయిన బండ్లున్న ఇళ్లకు వెళ్లి యజమానులతో కూర్చుని మాట్లాడారు. పార్టులు దొరక్క ఆగి ఉంటాయన్న ఊహతోనే వెళ్లాం. కొన్ని నిజంగా అలాగే ఆగాయి. ఎక్కువ చోట్ల మాత్రం బండిని పూర్తిగా విప్పేయడం వల్లే పని ఆగింది. డోర్లు ఒక మూల, ఇంజిన్ ఇంకో మూల, నట్లూ బోల్టులూ అన్నీ కలిపి ఒకే బకెట్లో. విప్పేటప్పుడు ఉన్న హుషారులో ఏది ఎక్కడిదో గుర్తుంటుందనే అనిపిస్తుంది. కొన్నాళ్లు పోయాక, ఒకేలా కనిపించే రెండు బ్రాకెట్లలో ఎడమవైపుది ఏదో తేలదు. ఆ తర్వాత షెడ్డులోకి అడుగుపెట్టాలంటేనే టెన్షన్. ఇక బండి మీద గుడ్డ కప్పేసి వేరే పని చూసుకుంటారు.

అందుకే కొత్త సభ్యులకు మనమిచ్చే సలహా మార్చాం. నడుస్తున్న బండిని నడవనిస్తూనే బాగు చేసుకోమంటున్నాం. ఒకసారికి ఒక భాగమే విప్పాలి. కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) పని మొదలుపెడితే అది బిగించి, ట్యూనింగ్ చేసి, బండి తిప్పి చూశాకే డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) జోలికి వెళ్లాలి. ఇలా చేస్తే ఒక ఇబ్బంది ఉంది, ఫొటోలో బండి ఎప్పుడూ సగం బాగుపడినట్టే కనిపిస్తుంది. అయినా ఏదైనా తేడా వస్తే ఆఖరున ముట్టుకున్నది ఏదో తెలుసు కాబట్టి లోపం తొందరగా దొరుకుతుంది. బ్రేకులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. అవి పూర్తిగా బాగయ్యేదాకా బండి గేటు దాటకూడదు.

విప్పడానికి కూడా పద్ధతి పెట్టాం. విప్పక ముందు ఒక ఫొటో, విప్పుతుండగా ఇంకొకటి. బోల్టు తీశాక వీలైతే దాన్ని మళ్లీ దాని రంధ్రంలోనే రెండు చుట్లు బిగించి వదలాలి. అలా కుదరకపోతే చిన్న సంచిలో వేసి, అది ఎక్కడిదో చీటీ మీద రాసి సంచిలో పెట్టాలి. సంచి మీద రాసిన రాత గ్రీజు తగిలితే చెరిగిపోతుంది. పాత పార్టు ఎంత పాడైపోయినా కొత్తది సరిగ్గా కూర్చునేదాకా పారేయకూడదు. రంధ్రాల మధ్య దూరం, వంపు, మందం కొలవడానికి అదే నమూనా.

ఏ బండి ఎంచుకోవాలన్న ప్రశ్న ఈ ఏడాదీ వచ్చింది. బానెట్ మీది మెరుపు కన్నా పార్టులు దొరుకుతాయా లేదా అన్నదే ముందు చూడాలన్నది నా అభిప్రాయం. వోక్స్‌వ్యాగన్ బీటిల్ 2003 దాకా తయారైంది, మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా బండ్లు. దానికి నేటికీ కొత్త పార్టులు తయారవుతున్నాయి. కొన్ని వందలే తయారైన అరుదైన మోడల్‌కు ఒక టెయిల్ లైటు అద్దం పగిలితే ఏళ్ల తరబడి వెతకాలి. మొదటి బండిగా అరుదైనది వద్దు.

తుప్పు

ఈ ఏడాది మన శిక్షణ తరగతుల్లో సగానికి పైగా సమయం దీనికే పోయింది, పోవాలి కూడా. ఇంజిన్‌ను బయటకు తీసి బాగు చేసుకోవచ్చు. బాడీ కుళ్లిపోతే బండే ఉండదు.

ముందు తెలుసుకోవాల్సింది మీ బండికి విడిగా ఛాసిస్, అంటే అడుగున భారం మోసే ఇనుప చట్రం, ఉందా, లేక బాడీయే భారమంతా మోస్తోందా అన్నది. 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు విడిగా ఛాసిస్ ఉంది. అదే ఏడాది వచ్చిన మినీకి లేదు. మొదటి రకంలో బాడీ రేకు తుప్పు పట్టినా అది చాలావరకు చూపుకే లోటు, ఛాసిస్ గట్టిగా ఉంటే చాలు. రెండో రకంలో డోర్ల కింద పొడవునా ఉండే బోలు పట్టీలు, అంటే సిల్‌లు, కుళ్లితే బండి నడుమే వంగుతుంది. సిల్ కోసే ముందు బండిని సమంగా నిలబెట్టి, డోరు ఖాళీలో అడ్డంగా ఇనుప కమ్మీని టాక్ వెల్డింగ్‌తో, అంటే అక్కడక్కడ చిన్న చుక్కలుగా, అతికించాలి. రెండు వైపులా ఒకేసారి కోయకూడదు. ఇది పట్టించుకోకుండా కోస్తే కొత్త సిల్ అందంగానే అతుకుతుంది కానీ డోరు మాత్రం ఇక మూసుకోదు.

తుప్పు పైకి కనిపించేసరికి లోపల చాలాకాలంగా పని చేసుకుంటూ వచ్చి ఉంటుంది. డోర్ల అడుగున, సిల్‌లలో నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. మట్టి చేరి అవి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి. కాళ్ల కింది మ్యాట్ తడిసి ఆరకుండా ఉంటే ఫ్లోర్ రేకు పై నుంచే తినేస్తుంది. కొనబోయే బండిని చూడ్డానికి వెళ్లేటప్పుడు మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం జేబులో పెట్టుకోండి. ఇనుప రేకు మీద అది అతుక్కుంటుంది, మందంగా పుట్టీ పూసిన చోట జారిపోతుంది. అడుగుభాగంలో, యజమాని ఒప్పుకుంటే, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మంచి రేకు టంగుమంటుంది. కుళ్లిన రేకు అప్పడంలా లోపలికి దిగిపోతుంది.

తరగతుల్లో ఎక్కువమందిని ఆకట్టుకున్నది విద్యుత్తుతో తుప్పు వదిలించే పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, అందులో చాకలి సోడా కలుపుతాం. తుప్పు పట్టిన పార్టుకు బ్యాటరీ చార్జర్ నెగెటివ్ తీగ, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనుప ముక్కకు పాజిటివ్ తీగ తగిలిస్తాం. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. మంచి ఇనుము అలాగే మిగిలి తుప్పు ఊడివస్తుంది. కొత్త రకం ఆటోమేటిక్ చార్జర్లు అవతల బ్యాటరీ లేదని గ్రహించి పనిచేయకపోవచ్చు, దీనికి పాత రకమే మేలు. బయటికి తీశాక కడిగి, ఆరబెట్టి వెంటనే ప్రైమర్ కొట్టకపోతే తుప్పు మళ్లీ మొదలవుతుంది.

ఇందులో మూడు జాగ్రత్తలున్నాయి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ వాడొద్దు, అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలో కలుస్తుంది. తొట్టి నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, కాబట్టి గాలి ఆడే చోట పెట్టాలి. నిప్పురవ్వ దగ్గర్లో ఉండకూడదు, తీగలు తీసే ముందు చార్జర్ ఆపాలి. సస్పెన్షన్ స్ప్రింగుల వంటి గట్టి ఉక్కు పార్టులను ఇందులో వేయొద్దు, హైడ్రోజన్ చేరి అవి పెళుసుబారతాయి.

ఇంజిన్

చాలాకాలం కదలని ఇంజిన్‌ను చూడగానే అందరికీ సెల్ఫ్ కొట్టాలనిపిస్తుంది. కొట్టొద్దు. బండిని గేరులో వేసి లాగించడం అంతకంటే ప్రమాదం. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో తుప్పు వదిలించే పల్చటి ఆయిల్ పోసి కొన్ని రోజులు వదిలేయండి. తర్వాత క్రాంక్ బోల్టు మీద పొడవాటి పానా వేసి చేత్తోనే, బలం పెట్టకుండా, అటూ ఇటూ కదిపి చూడండి. కదలకపోతే మళ్లీ ఆయిల్, మళ్లీ నిరీక్షణ. జామ్ అయిన పిస్టన్ రింగులను బలవంతంగా కదిలిస్తే విరుగుతాయి. ఇంజిన్ వదులయ్యాక మొదటిసారి సెల్ఫ్ కొట్టేటప్పుడు ప్లగ్గులు బయటే ఉండాలి, లోపలి ఆయిల్ అంతా చిమ్ముతుంది.

సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే సంఘం కంప్రెషన్ గేజ్ ఈ ఏడాది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూనే ఉంది. దాన్ని సరిగా వాడితే ఇంజిన్ విప్పకుండానే సగం నిజం తెలుస్తుంది. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని కొలవాలి. ఏ సిలిండర్‌లో తక్కువ వస్తే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే లోపం రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గరో, సిలిండర్ల పైన బిగించే గ్యాస్కెట్ దగ్గరో. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలోనూ తక్కువ వస్తే వాటి మధ్య గ్యాస్కెట్ పోయిందేమో ముందు అనుమానించండి.

పెట్రోలు విషయంలో ఒక మాట. పాత బండ్ల రబ్బరు పైపులు ఇథనాల్ కలిపిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి మెత్తబడి, పగిలి, ముక్కలు కార్బొరేటర్ జెట్లలో, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల్లో, చేరతాయి. ఇథనాల్ గాల్లోని తేమను కూడా పీల్చుకుంటుంది, దాంతో ట్యాంకు లోపల తుప్పు. బండి కొన్న వెంటనే ఇంధన పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చేయండి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారిందంటే బండి పోయినట్టే. ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ ఇంట్లో చేయొద్దు. పెట్రోలు నిండుగా ఉన్న ట్యాంకు కన్నా ఆవిరితో నిండిన ఖాళీ ట్యాంకే పేలుతుంది.

కరెంటు పనులు

1960ల మధ్య దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ ధ్రువమే బాడీకి కలిసి ఉంటుంది. ఈ సంగతి తెలియక ఒక సభ్యుడు ఇంట్లో ఉన్న కొత్త బ్యాటరీని మామూలు పద్ధతిలో బిగించారు, తర్వాత అమర్చిన రేడియో కాలిపోయింది. కొన్న బండి ఏ రకమో తీగలు ముట్టుకోకముందే చూసుకోండి. బ్రిటిష్ కంపెనీ లూకాస్ వైరింగ్ ఉన్న బండ్లలో రంగులకు లెక్క ఉంది: గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు ఇగ్నిషన్ తాళం తర్వాత, ఆకుపచ్చ ఫ్యూజు దాటాక, నలుపు ఎర్త్, అంటే బాడీకి కలిసేది. లైట్లు మసగ్గా వెలుగుతున్నాయంటే కొత్త బల్బుల కోసం పరుగెత్తకుండా ఎర్త్ కనెక్షన్లు విప్పి, రేకు మెరిసేదాకా గీకి మళ్లీ బిగించి చూడండి.

భద్రత

సంఘం ఈ ఏడాది ఒక నియమం తెచ్చింది. జాకీ అరువు తీసుకునేవారు రెండు స్టాండ్లు కూడా తీసుకెళ్లాలి, వద్దంటే జాకీ కూడా ఇవ్వం. కొందరు సభ్యులు దీన్ని చాదస్తం అన్నారు. అనుకోనివ్వండి. జాకీ బండిని ఎత్తడానికే, కిందికి దూరాలంటే స్టాండ్లు ఉండాల్సిందే.

పాత బ్రేక్ షూలలో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, తడిగుడ్డతో తుడిచి సంచిలో కట్టి పారేయండి. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు కాబట్టి ఎమరీ పేపర్‌తో రుద్దేటప్పుడు నీళ్లతో తడిపి రుద్దాలి. హార్డెనర్ కలిపే ఆధునిక పెయింట్లలోని ఐసోసైనేట్ల వల్ల ఉబ్బసం పట్టుకోవచ్చు. వాటికి బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి, ఇంట్లో అది కుదరదు. ఆఖరి పెయింట్ పని బయట చేయించుకోమనే చెబుతున్నాం, క్రోమ్ పూత కూడా అంతే.

బ్రేక్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిల్ పోస్తే సిలిండర్ల రబ్బర్లు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. గీతలు నిండుగా ఉన్నాయని పాత టైర్లను నమ్మొద్దు. 2000 నుంచి తయారైన టైర్ల పక్కన తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది గత శతాబ్దపు టైరు, మారు మాట లేకుండా తీసేయండి.

అసలు రూపం గురించి చర్చ

ఏడాది మొత్తంలో గొంతులు పెరిగిన సమావేశం ఇదొక్కటే. ఒక సభ్యుడి బండికి ఫ్యాక్టరీ పెయింట్ అలాగే ఉంది, కొన్ని చోట్ల వెలిసింది, ఒకటి రెండు చోట్ల రేకు కనిపిస్తోంది. మొత్తం గీకి కొత్తగా కొట్టించాలని కొందరు, ముట్టుకోవద్దని కొందరు. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా 1966 నుంచి పనిచేస్తోంది. కనీసం 30 ఏళ్లు దాటిన బండినే చారిత్రక వాహనం అంటుంది. ట్యూరిన్ చార్టర్ పేరుతో అది తెచ్చిన మార్గదర్శకాలు కూడా ఉన్నదాన్ని కాపాడటానికే ముందు ఓటు వేస్తాయి. నేనూ అటువైపే. కొత్త పెయింట్ ఎప్పుడైనా వేయొచ్చు, ఫ్యాక్టరీ పెయింట్ ఒక్కసారే ఉంటుంది. అయితే బ్రేకులు, టైర్లు, ఇంధన పైపుల విషయంలో అసలు రూపం పేరుతో పాతవి ఉంచుకుంటామంటే కార్యవర్గం ఒప్పుకోదు. పెయింట్ మాట చివరకు యజమానికే వదిలేశాం. ఆయన ఇంకా తేల్చుకోలేదు.

మిగతా విషయాలు

ఆదాయ వ్యయాల పట్టిక విడిగా జతచేశాం, ఆడిటర్ సంతకంతో. వర్క్‌షాప్ మాన్యువళ్ల అల్మారాకు కొత్త జాబితా తయారైంది. పాత బ్రిటిష్ బండ్లకు సరిపడే విట్‌వర్త్ పానాల సెట్టు కొన్నాం. మామూలు పానాలు వాటి నట్ల మీద జారి మూలలు అరగదీస్తున్నాయి.

వచ్చే ఏడాది రెండు పనులు అనుకుంటున్నాం: ఆగిన బండ్లలో ఒకదాన్ని ఎంచుకుని సభ్యులంతా కలిసి బిగించడం, వెల్డింగ్ నేర్చుకునేవారికి పాత రేకుల మీద సాధన తరగతులు. బండి ఎంపికకు యజమానులు సమావేశం రోజున పేర్లు ఇవ్వవచ్చు. బకెట్లో కలిసిపోయిన బోల్టులున్న బండికే ప్రాధాన్యం.

వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్, టార్క్ రెంచి ఎవరి దగ్గరున్నాయో రిజిస్టర్‌లో లేదు. ఉన్నవారు సమావేశానికి తెచ్చి ఇచ్చేయగలరు.

కార్యదర్శి